అయిపోయినవాడి చొక్కా

జనవరి 27, మంగళవారం

మనవరాలు తేజస్వి పాత పదో తరగతి సోషల్ నోటు పుస్తకంలో వెనక కొన్ని కాయితాలు తెల్లగా మిగిలాయి. కోడలు భ్రమరాంబ నిన్న దాన్ని నా చేతిలో పెట్టి, "అత్తయ్యగారూ, మీ భయాలన్నీ ఇందులో రాసుకోండి. పైకి చెప్పేవి మాత్రం రోజుకి మూడే. నాలుగోది వచ్చిందంటే పుస్తకంలోకి వెళ్ళిపోవాలి" అంది. నవ్వుతూనే అంది. కానీ నిన్న ఒక్కపూటలో కాలవగట్టు మీద కుక్కల సంగతి మా అబ్బాయి శివుణ్ణి పదకొండుసార్లు అడిగానట. లెక్కపెట్టిందట. నాకు నాలుగైదుసార్లే గుర్తు.

నాది మూడో తరగతి చదువు. అక్షరాలు గుండ్రంగా రావు. ఎవరూ చూడరు కాబట్టి ఫర్వాలేదు.

ఇవాళ పైకి చెప్పినవి: ఒకటి, కుక్కలు. రెండు, లారీల లైట్లు. మూడు, వాడు పొద్దున్నే ఒక్క అరటిపండు తిని అంతంత దూరం పరిగెత్తడం.

పుస్తకంలోకి వచ్చింది: మొన్న మార్గశిరంలో శివుడికి నలభై తొమ్మిది నిండాయి. మావారు పోయింది కూడా నలభై తొమ్మిదిలోనే.

జనవరి 29, గురువారం

రెండేళ్ళ కిందటిదాకా మా శివరామకృష్ణ కొట్టులో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే మళ్ళీ భోజనానికే లేచేవాడు. సుగరు వచ్చింది. డాక్టరు నడవమన్నాడు. హైస్కూలు డ్రిల్లు మాస్టారు ప్రేమ్ కుమార్ గారు సరుకులకి వచ్చినప్పుడు విని, "ఒక్కరూ ఎందుకండి, నాతో రండి" అని తీసుకెళ్ళారు. నడక కాస్తా పరుగైంది. ఆ మాస్టారంటే నాకు గౌరవమూ ఉంది, కోపమూ ఉంది.

ఒక్కో ఊళ్ళో పరుగుకి ఒక్కో చొక్కా ఇస్తారు. కాకినాడది ఆకుపచ్చ. విశాఖపట్నానిది నీలం. విజయవాడది కళ్ళు బైర్లు కమ్మే పసుపు. ఇరవై మూడు పోగయ్యాయి. వాడు తొడిగేవి రెండో మూడో. మిగతావాటితో ఏం చెయ్యాలో ఇంట్లో ఎవరికీ తెలీదు. గచ్చు తుడిస్తే నీళ్ళు పీల్చవు. మసిగుడ్డ చేద్దామని ఒకటి పట్టుకుంటే గిన్నె అంచుకి అంటుకుని కరిగింది, అందుకు శివుడు నాతో ఒక పూట మాట్లాడలేదు. పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే అచ్చాయమ్మని పిలిచాం. అది ఒకటి చేత్తో లాగి చూసి గంపలోంచి బయట పడేసింది.

"ఇయ్యేం గుడ్డలండి అమ్మగారూ, నీళ్ళు తాగవు, చింపితే చిరగవు. ఇయ్యి తీసుకుని నేనేం చేసుకోను, మా ఆయన్ని పరిగెత్తించనా" అంది.

చిన్న టీ వడపోత కూడా ఇవ్వనంది. చివరికి వారి ట్రంకుపెట్టెలో, వారి పంచెల మీద సర్దాను.

ఫిబ్రవరి ఇరవై రెండున రాజమండ్రిలో పరుగు. ఇంతకుముందువన్నీ ఐదు, పది, ఇరవై ఒకటి. ఇది నలభై రెండు కిలోమీటర్లు. పుష్కర ఘాటు దగ్గర బయల్దేరి, ధవళేశ్వరం బ్యారేజీ దాటి, ఆత్రేయపురం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి రావాలి. ఏడు గంటల గడువు. దాటితే చొక్కా ఇవ్వరు. మిగతాచోట్ల చొక్కా ముందే చేతిలో పెట్టేవారు, ఇక్కడ చివరి గీత దాటినవాళ్ళకేనట. నేను పూతరేకుల కోసం ఆ దారిన బస్సులో వెళ్ళొచ్చినా నడుం పట్టేస్తుంది.

వద్దని చెప్పాను. అది ఇవాళ్టి ఒకటి, రెండు, మూడు.

ఫిబ్రవరి 1, ఆదివారం

కలరా ఉండలు వేద్దామని పెట్టె తీశాను. చొక్కాలన్నీ మళ్ళీ మడతపెడుతుంటే కనిపించింది. పదిహేడింటి మీద ఒకటే మాట. రొమ్ము మీద, పెద్ద పెద్ద అక్షరాలు.

ఇంగ్లీషు రాదు గానీ బస్తాల మీద చూసి చూసి అక్షరాల రూపాలు పోల్చుకుంటాను. ఎనిమిది అక్షరాలు. మొదటిది గోడకి కొట్టిన రెండు కొక్కేల్లా ఉంది. చివరిది కాలు చాపుకుని కూర్చున్న ముసలమ్మలా ఉంది. ఊళ్ళు వేరు, రంగులు వేరు, మాట ఒకటే. ఊరిపేరు కాదన్నమాట. మరేమిటి?

కాయితం మీద బొమ్మ గీసినట్టు గీసుకున్నాను. శివుణ్ణి అడగొచ్చు. కానీ కుక్కల గురించి మొదలుపెట్టానని అనుకుంటాడు.

ఫిబ్రవరి 3, మంగళవారం

ఎందుకు అడిగానా అని ఉంది.

కొట్టుకి ఎదురుగా మిషను పెట్టుకున్న టైలరు శాంతికుమార్‌కి కాయితం చూపించాను. సూదిలో దారం ఎక్కిస్తూ, "ఫినిషర్ అండి" అన్నాడు.

"అంటే?"

"ఫినిష్ అంటే అయిపోవడం కదండీ. పని ఫినిష్, పెళ్ళి భోజనాలు ఫినిష్. ఫినిషర్ అంటే అయిపోయినోడు అనుకుంటానండి."

"మనిషినే అంటారా అలాగ?"

"మనిషి రొమ్ము మీద రాస్తే మనిషినే కదండీ" అన్నాడు. దారం ఎక్కింది. వాడి పని వాడు చూసుకున్నాడు.

పదిహేడుసార్లు నా కొడుకు 'అయిపోయినోడు' అని రొమ్ము మీద రాయించుకుని జనం మధ్యలో తిరిగాడు. ఫొటోలు తీయించుకున్నాడు. అవి తేజస్వి నాకు ఫోనులో చూపిస్తే బాగున్నాడు బాగున్నాడు అన్నాను.

కొట్టు పెట్టుకున్న ఇంట్లో ఆ మాట నోటివెంట రాకూడదు. బియ్యం నిండుకున్నాయంటాం, కందిపప్పు నిండుకుందంటాం. లేవు అనం, అయిపోయాయి అనం. దీపం ఆరిందనం, కొండెక్కిందంటాం. కొట్టు మూశామనం, కట్టేశామంటాం. శివుడికి ఆరేళ్ళప్పుడు ఎవరో బేరం వస్తే "చింతపండు అయిపోయిందండీ" అన్నాడు. తొడపాశం పెట్టాను. రెండు రోజులు నల్లగా ఉంది. మళ్ళీ అనలేదు.

వారు పోయిన రోజున ఆ మాటే వచ్చింది. ముప్ఫై ఏళ్ళు గల్లా మీద కూర్చుని ఒక్కనాడూ అననివారు, ఆ రోజు పొద్దున్న పంచదార అయిపోయింది అన్నారు. పదకొండు గంటలకి బెల్లం తూస్తూ తూస్తూ పక్కకి ఒరిగిపోయారు. ఇరవై ఆరేళ్ళయింది.

ఇవాళ పైకి ఒక్కటీ చెప్పలేదు. ఒంట్లో బాగాలేదా అని భ్రమర నుదురు పట్టుకుని చూసింది.

ఫిబ్రవరి 4

అన్నం సహించలేదు.

ఫిబ్రవరి 5, గురువారం

ఉపాయం దొరికింది. మాట చెరపలేం, అది గుడ్డలోకి అచ్చయిపోయి ఉంది. కప్పొచ్చు కదా.

వారి పంచెల్లో బాగా నలిగిందొకటి తీశాను. కత్తెర పెట్టేముందు ఫొటో వైపు చూసి చెప్పాను, మీ అబ్బాయికే అని. జానన్నర పొడుగు, నాలుగువేళ్ళ వెడల్పు ముక్క సరిపోయింది. అంచులు మడిచి, మాట మీద పెట్టి చుట్టూ కుట్టాను. మొదట పట్టుకుంది కాకినాడ ఆకుపచ్చది, వాడి మొట్టమొదటి చొక్కా. సూదిలో దారానికి చాలాసేపు పట్టింది. శాంతికుమార్ మిషను మీద చిటికెలో కుడతాడు, కానీ వాడి నోటితోనే కదా ఆ మాట విన్నాను.

మధ్యాహ్నం భ్రమర కొట్టులో కూర్చుంటుంది. నేను డాబా మీద గుమ్మడి వడియాలకి కాపలా. కాకులకి భయపడనక్కర్లేదు, ఈ సంవత్సరం వడియాలు ఎన్ని తింటే అన్ని తిననీ. ఇవాళ రెండు కుట్టాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

నీళ్ళలో వేద్దామని తెల్లచొక్కా తిరగేస్తే గుండెల దగ్గర రెండు నెత్తుటి చుక్కలు. ఎడంవైపొకటి, కుడివైపొకటి.

మూడు భయాలూ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఇంకో నాలుగు కూడా. శివుడు మొహం తిప్పుకుని కొట్టులోకి వెళ్ళిపోయాడు. భ్రమర చెంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. ఎవరూ చెప్పరే. సాయంత్రం కాకినాడ హాస్టల్ నుంచి తేజస్వి ఫోను చేస్తే ఏడ్చినంత పనిచేశాను.

"మామ్మా, అది గుండె కాదు. చొక్కా రాసుకుని రాసుకుని అక్కడ ఒరుసుకుపోతుంది. పరిగెత్తే మగాళ్ళందరికీ అవుతుంది. ప్లాస్టర్ అంటించుకోమను" అంది.

కొడుకుని కన్నది నేను, పాలిచ్చింది నేను, ఈ సంగతి ఇరవై ఏళ్ళ మనవరాలు చెప్పాల్సొచ్చింది.

గుండె కాదు. గుండె కాదు. గుండె కాదు.

ఫిబ్రవరి 10, మంగళవారం

పదిహేడూ అయి

పదిహేడూ నిండాయి. పెట్టెలో ఎప్పటిలా మడతలు పెట్టాను. పైనుంచి చూస్తే ఏమీ తెలీదు. ఇవాళ అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఫిబ్రవరి 12, గురువారం

మొదటిసారి నలభై రెండు పరిగెత్తేటప్పుడు తన మొట్టమొదటి చొక్కా తొడుక్కోవడం వాళ్ళ బృందంలో ఆనవాయితీ అట. నాకెవరు చెప్పారు?

కాకినాడ ఆకుపచ్చది పట్టుకుని నడవలోకి వచ్చాడు. ఇంకో చేతిలో విశాఖపట్నం నీలంది.

"ఏంటమ్మా ఇది?"

చెప్పాను. శాంతికుమార్ చెప్పిందంతా చెప్పాను.

"అయిపోయినవాడు కాదమ్మా. పూర్తి చేసినవాడు అని. సగంలో ఆగిపోకుండా చివరిదాకా వచ్చినవాడు అని."

"పూర్తయినా చివరైనా అదే కదరా."

ముక్క మీద వేలు పెట్టి రాసి చూశాడు. జరీ లేని సన్నంచు, గుర్తుపట్టేశాడు.

"నాన్న పంచె చింపావా?"

పరుగు చొక్కాలు పాడుచేశానని కేకలేస్తాడనుకున్నాను. ఆ రోజు మీ నాన్నగారు ఆ మాట అనబట్టే కదరా అన్నాను. వాడు రెండు చొక్కాలూ కుర్చీ మీద పెట్టి, తినకుండా కొట్టులోకి వెళ్ళిపోయాడు.

ఫిబ్రవరి 13

మాట్లాడలేదు.

ఫిబ్రవరి 14

మాట్లాడాడు. తాళాలెక్కడున్నాయి అన్నాడు.

ఫిబ్రవరి 16, సోమవారం

కుట్లు విప్పేస్తాడేమో అని రోజూ పెట్టె తెరిచి చూస్తున్నాను. విప్పలేదు, ఆకుపచ్చదొకటే కనబడలేదు. నన్నే విప్పమంటాడేమో అని చూస్తున్నాను. అనలేదు. పొద్దున్నే లేచి పరిగెత్తి వస్తున్నాడు. కుక్కల సంగతి అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగడానికి కూడా మాటలుండాలి కదా.

భ్రమర అంది: "ఏదో ఒకటి మీరే మాట్లాడండి అత్తయ్యగారూ. ఇల్లు పిచ్చిగా ఉంది. మీ మూడు భయాలూ వినకపోతే నాక్కూడా తోచడం లేదు."

ఫిబ్రవరి 19, గురువారం

ఈ పుస్తకం ఎవరూ చూడరు. చూడరు కాబట్టి రాస్తున్నాను.

ఆ మాట వారు అనలేదు.

నేనన్నాను. పొద్దున్న కాఫీ పెట్టబోతూ డబ్బా తీసి, వంటింట్లోంచి కొట్టులోకి వినబడేలా "పంచదార అయిపోయింది" అని కేకేశాను. వారు అక్కడినుంచే, "రత్నం, కొట్టున్న ఇంట్లో అదేం మాటే, నిండుకుంది అను" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేను విసుగులో ఉన్నాను. "అంతగా నిండుకుంటే మీరే వచ్చి పోసుకోండి, నాకైతే డబ్బా అడుగే కనిపిస్తోంది" అన్నాను.

వారితో అదే నా ఆఖరు మాట. తర్వాత బేరాలొచ్చాయి. పదకొండు గంటలకి తక్కెడలో ఒకవైపు రాయి ఉంది, ఒకవైపు బెల్లం ఉంది, వారు లేరు.

వారే అన్నారని మొదట ఎవరితో చెప్పానో గుర్తులేదు. పదోరోజుకి నేనే నమ్మేశాను. ఈ పుస్తకంలో కూడా మొన్న అలాగే రాశాను. వెనక్కి తిప్పి చూసుకున్నాను, రాశాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం

చెప్పేశాను.

మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక కొట్టులోకి వెళ్ళి, మినుముల బస్తా మీద కూర్చుని, మొత్తం చెప్పాను. వాడు తక్కెడ తుడుస్తున్నవాడు ఆగలేదు. తుడుస్తూనే ఉన్నాడు. తుడిచిందే తుడిచాడు. తర్వాత అన్నాడు:

"ఆ పొద్దున్న నాన్న నాతో అన్నారమ్మా, ఎడంచెయ్యి లాగుతోందిరా అని. నేను డిగ్రీ చదివాను. పేపర్లో పరీక్షల ఫలితాలు చూసుకుంటున్నాను. తల ఎత్తకుండా, బస్తా ఎత్తి ఉంటారు, మందు రాసుకోండి అన్నాను."

ఇరవై ఆరేళ్ళు ఒకే ఇంట్లో, కంచం పక్కన కంచం పెట్టుకుని తిన్నాం.

వాడే అన్నాడు. డాక్టరు నడవమన్నాడు గానీ పరిగెత్తమని ఎవరూ చెప్పలేదట. మొదటిరోజు మాస్టారితో వెళ్ళినప్పుడు ఎడంచెయ్యి లాగుతుందేమో అని చూసుకుంటూ నడిచాడట. లాగలేదు. ఇంకొంచెం దూరం చూశాడట. లాగలేదు. ఇంకొంచెం. "అలా చూసుకుంటూ చూసుకుంటూ ఇంతదూరం వచ్చానమ్మా. నలభై తొమ్మిదిలో నలభై రెండు చెయ్యగలిగితే, ఇంక చూసుకోవడం మానేస్తాను."

నాకు భయమని నేనొక్కదాన్నే పుస్తకం రాస్తున్నాననుకున్నాను. వాడు కాళ్ళతో రాస్తున్నాడు.

ఎవరో బెల్లానికి వచ్చారు. తూచి ఇచ్చి పంపాడు. తర్వాత గల్లాపెట్టె కింద నుంచి ఆకుపచ్చ చొక్కా తీశాడు. అక్కడే పెట్టుకున్నాడు ఇన్నాళ్ళూ.

"ఈ మూల ఊడుతోంది. రెండు కుట్లు వెయ్యి. ఇదే తొడుక్కుంటాను."

"మాస్టారూ వాళ్ళూ నవ్వుతారేమో."

"నవ్వనీ. నాన్న ఎప్పుడూ ఆత్రేయపురం దాకా నడిచెళ్ళలేదుగా."

రెండు కాదు, పన్నెండు కుట్లు వేశాను. గట్టి ముళ్ళు వేశాను.

ఫిబ్రవరి 21, శనివారం

మాస్టారితో కలిసి రాజమండ్రి బస్సెక్కాడు. అరటిపళ్ళు, ఉప్పు పొట్లం, ప్లాస్టర్లు, రెండు జతల మేజోళ్ళు. మేము రేపు మొదటి బస్సుకి. ఇవాళ్టి మూడు భయాలూ వాడకుండా దాచుకున్నాను. రేపటికి ఆరు ఉంటాయి. బదిలీ చెల్లదంటోంది భ్రమర. చెల్లుతుందన్నాను.

ఫిబ్రవరి 22, ఆదివారం

రేపు రాస్తాను. వాడు పక్కగదిలో గురక పెడుతున్నాడు. ఆ గురక ఎంత బాగుందో.

ఫిబ్రవరి 23, సోమవారం

మొదట్నుంచీ రాస్తాను.

నాలుగున్నరకి పరుగు మొదలు. మేము ఘాటుకి చేరేసరికి ఏడున్నర. షామియానా, కుర్చీలు, డప్పులు, మైకులో ఒకాయన. గీత మీద పెద్ద గడియారం, పదకొండున్నరకి ఆగిపోతుందట. గోదావరి మీద మంచు ఇంకా విడలేదు. మంచుంటే మంచిదే అనుకున్నాను, ఎండ ఉండదు. మళ్ళీ మంచులో దారి కనపడదేమో అనుకున్నాను. అది ఒకటి.

ఎనిమిదవకముందే భ్రమర ఫోనుకి మెసేజీ వచ్చింది, వాడు ఆత్రేయపురంలో వెనక్కి తిరిగాడని. అక్కడ వాళ్ళకి పూతరేకులు ఇస్తారట. ఎండిన నోట్లో పూతరేకు పెట్టుకుంటే అంగిలికి అంటుకుని ఊపిరాడదేమో. అది రెండు. తొమ్మిదయ్యేసరికి ఆరూ వాడేశాను. ఇంక ఏమున్నా మింగాల్సిందే.

తొమ్మిదింబావుకి ప్రేమ్ కుమార్ గారు వచ్చేశారు. నీళ్ళు తాగి నా పక్కన కూలబడ్డారు. మీ అబ్బాయి ఎదురయ్యాడండి, బాగానే ఉన్నాడు అన్నారు. 'బాగానే'లో 'నే' నాకు నచ్చలేదు. అడిగితే చెప్పారు, పిక్కలు పట్టేస్తున్నాయట, నడుస్తూ పరిగెత్తుతూ వస్తున్నాడట.

పదింబావుకి బ్యారేజీ దాటాడని వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు.

పదకొండయింది. ఎండ నెత్తి మీదకి వచ్చింది. వచ్చేవాళ్ళు ఒక్కొక్కరుగా పలచబడ్డారు. వారు ఒరిగిపోయిన వేళ అదే. గడియారం చూడకూడదనుకున్నాను, అంత పెద్ద గడియారం పెడితే ఎటు చూడను? షామియానా వాళ్ళు వెనకవైపు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చడం మొదలుపెట్టారు. మైకాయన ఇంకా ఇరవై నిమిషాలే అన్నాడు. భ్రమర ఫోను వైపు చూడడం మానేసి నా వైపు చూస్తోంది. నేను ఏదో ఒకటి అంటే బాగుండునని చూస్తోంది. ఏడోది కూడా ఒప్పుకునేలా ఉంది. నేను లేచాను.

"ఎక్కడికండి అత్తయ్యగారూ?"

"ఎదురెళ్తాను."

గీత దాటి గట్టు రోడ్డు పట్టుకుని నడిచాను. మలుపు దాకా వెళ్ళాను. ఎండలో రోడ్డంతా నీళ్ళలా కదులుతోంది. నలుగురైదుగురు వస్తున్నారు, ఎవరెవరో తెలియడం లేదు. ఒకడి రొమ్ము మీద మాత్రం తెల్లగా మెరిసింది. ఒక్క క్షణం వారే పంచె కట్టుకుని నడిచి వస్తున్నారనుకున్నాను. తర్వాత ఆకుపచ్చ కనిపించింది.

కుడికాలు ఈడుస్తున్నాడు. పెదాలు తెల్లబడ్డాయి. నన్ను చూసి ఆగబోయాడు. ఆగొద్దని చేత్తో తోశాను. వాడి పక్కనే నేనూ నడిచాను. పరిగెత్తానని భ్రమర అంటోంది. నేనలా అనను. చీర కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకున్న మాట నిజం.

ఆ రోడ్డు మీద నేనేమన్నానో నాకు తెలీదు. భ్రమర చెబితే తెలిసింది. మాస్టారూ విన్నారట. మైకాయన కూడా విని, నా వెనకాలే అదే మాట మైకులో అన్నాడట. వాడికి ఏడాది నిండకముందు సూది వేయించడానికి తీసుకెళితే ఏడుస్తుంటే ఏమన్నానో, అదే అన్నానట. గొంతెత్తి, ఘాటంతా వినబడేలా.

"అయిపోయింది నాన్నా. అయిపోయింది, అయిపోయింది. ఇంకొక్కటే. ఇదిగో అయిపోయింది."

ఇరవై ఆరేళ్ళుగా నోటికి రానివ్వని మాట. గట్టు మొదలు గీత దాకా ఎన్నిసార్లన్నానో. ఈసారి భ్రమర కూడా లెక్కపెట్టలేదు.

పదకొండూ ఇరవై మూడుకి గీత దాటాడు. గడియారం ఇంకా నడుస్తోంది. వాడూ నడుస్తున్నాడు, రెండు కాళ్ళ మీద. డప్పులవాళ్ళు సర్దుకుంటున్నవాళ్ళల్లా మళ్ళీ తీసి వాయించారు. మెడలో పతకం వేశారు. ఎర్ర చొక్కా ఒకటి చేతికిచ్చారు. వాడు దాన్ని విప్పి, సభలో శాలువా కప్పినట్టు నా భుజాల మీద కప్పి, అలాగే నా కాళ్ళ దగ్గర రోడ్డు మీద కూలబడ్డాడు. నేనూ కూర్చున్నాను. ఎడంచెయ్యి పట్టుకున్నాను.

"లాగుతోందా?"

"చెయ్యొక్కటే లాగడం లేదమ్మా. మిగతావన్నీ లాగుతున్నాయి."

నవ్వొచ్చింది. నా భుజం మీద చొక్కా పట్టుకుని చూసుకున్నాను. కొక్కేలు ఉన్నాయి. కాలు చాపుకున్న ముసలమ్మ ఉంది.

"దీనిమీదా అదే మాటా?"

"అదే. పంచె ఇంకా మిగిలిందా?"

"మిగిలింది. కానీ దీనికి కుట్టను. మన కొట్టు భాషలో చదువుకుంటాను. నిండుకున్నవాడు."

మాస్టారు పక్కనుంచి, నాకు ఇన్నేళ్ళూ ఆ మాటకి తెలుగు దొరకలేదండి అన్నారు. పిల్లలకి చెబుతానన్నారు. ఆయన మీద కోపం పోయింది. గౌరవమొక్కటే ఉంది.

ఇంటికొచ్చి స్నానానికి చొక్కా తీస్తే చూశాను. ప్లాస్టర్లు ఉన్నచోట ఏమీ కాలేదు. రొమ్ము మీద అడ్డంగా, ముక్క చుట్టూ, గోళ్ళతో గీరినట్టు ఎర్రటి గీతలు. లోపలివైపు నా ముళ్ళు. గట్టిగా వేశాను కదా. కొబ్బరినూనె రాస్తూ ఏడ్చాను.

"ఆత్రేయపురం నుంచి వచ్చేటప్పుడు కూర్చుండిపోదామనుకున్నానమ్మా" అన్నాడు. "నువ్వు గీరుతూనే ఉన్నావు. పక్కనే ఉన్నట్టుంది."

ఫిబ్రవరి 26, గురువారం

మెట్లు దిగడం రావడం లేదు వాడికి. వెనక్కి తిరిగి దిగుతున్నాడు. కాలి బొటనవేలి గోరు నల్లబడింది, ఊడుతుందట. ఇవాళ్టి ఒకటి.

శాంతికుమార్ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తప్పు చెప్పానటండి, డ్రిల్లు మాస్టారు చెప్పారండి అన్నాడు. తప్పేం చెప్పలేదులే, కాఫీ తాగి వెళ్ళు అన్నాను. వెళ్తూ నా కుట్టు పట్టి చూసి, ముళ్ళు పైవైపు వెయ్యాలండి అమ్మగారూ అన్నాడు. ఇప్పుడు చెబుతున్నాడు.

శివుడు రోజుకొక చొక్కా తొడుక్కుని గల్లా మీద కూర్చుంటున్నాడు. అన్నిటికీ పని దొరికింది. పంచె ముక్క కింద ఏముందని బేరానికొచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతున్నారు. పొద్దున్న ఎవరో మినపగుళ్ళు అడిగితే వాడు తల ఎత్తకుండా, "ఫినిషర్ అండి, రేపు రండి" అన్నాడు. భ్రమర లోపల్నుంచి పడీ పడీ నవ్వింది. తొడపాశం పెట్టాల్సింది. చెయ్యి అందలేదు.

నిండడం అనే మాట మంచిదే. నెలలు నిండాయంటాం, కడుపు నిండిందంటాం, ఏళ్ళు నిండాయంటాం. రాస్తుంటే తోచింది, నూరేళ్ళు నిండాయి అని కూడా అంటాం, అది దేనికంటామో. చెయ్యి ఆగింది. మళ్ళీ రాశాను. వారి నలభై తొమ్మిదీ నిండాయి. నేను కేకేసినందుకు కాదు.

వారి ఫొటో తుడిచాను. పంచదార నిండుకుంది, చూసుకున్నారా, అని చెప్పాను. నిజంగానే నిండుకుంది.

మార్చి 1, ఆదివారం

పొద్దున్న బియ్యం డబ్బా అడుగు కనిపించింది. ఇంట్లోకి కొత్త బస్తా రేపు మిల్లు నుంచి వస్తుంది. డబ్బా ఖాళీగా ఉంచకూడదు. మిగిలిన గుప్పెడు బియ్యం మీద ఎర్ర చొక్కా మడతపెట్టి, మాట పైకి కనబడేలా పెట్టి మూతేశాను.

కాసేపటికి భ్రమర మూత తీసి, "అత్తయ్యగారూ, అన్నానికి మీ అబ్బాయిని వండమంటారా ఏంటి" అంది.

వాడు వచ్చే డిసెంబరులో మళ్ళీ ఎక్కడో యాభై అంటున్నాడు. అది ఇవాళ్టి ఒకటి. కాలవగట్టు మీద కుక్కలు, రెండు. మూడోది ఎంత వెతికినా దొరకలేదు. సాయంత్రం లోపు దొరుకుతుందిలే. దొరికినా రాయడానికి చోటు లేదు, ఇదే చివరి కాయితం.

పుస్తకం నిండుకుంది.